వెంట ఎవరున్నారు?

అడవి మొదట్లో, గేటు పక్కన రేకుల షెడ్డులో ఒక రిజిస్టర్ ఉంది. పేరు, ఊరు, చేసే పని, ఫోను నంబరు రాసి ఇచ్చాను. ఆయన చదివి మళ్ళీ నా వైపు తిప్పాడు.

"వెంట ఎవరున్నరు మేడమ్?"

"ఈ అక్క ఉంది."

"అది కాదు. మగోళ్ళు ఎవరున్నరు?"

అక్కకి యాభై దాటి ఉంటాయి. పుట్టింది, పెరిగింది, పిల్లల్ని కన్నది అన్నీ ఆ అడవి అంచునే. ఏ వాగు ఎప్పుడు దాటాలో, ఏ చెట్టు కింద కూర్చోకూడదో ఆమెకు తెలుసు. షెడ్డులో ఉన్నాయనకు ముప్ఫై ఉండవు. అయినా ఆయన దృష్టిలో ఆ రోజు అక్కడికొచ్చింది తోడులేని ఇద్దరు ఆడవాళ్ళు.

మేము నడవాలనుకున్నది పూనుగొండ్ల నుంచి మేడారం దాకా. మహబూబాబాద్ జిల్లా గంగారం మండలంలోని ఈ కోయ ఊరు పగిడిద్దరాజు ఊరు. రెండేళ్ళకోసారి మాఘమాసంలో మేడారం జాతరకి ముందు పెనక వంశంవాళ్ళు ఆయన్ని పెళ్ళికొడుకులా ముస్తాబు చేసి, పడగ పట్టుకుని, అడవి దారిన కాలినడకన తీసుకుపోతారు. డెబ్బై కిలోమీటర్ల దాకా ఉంటుందంటారు. మధ్యలో ఒక రాత్రి ఆగి, బుధవారానికి మేడారం చేరతారు. అదే రోజు కన్నెపల్లి నుంచి సారలమ్మ, కొండాయి నుంచి గోవిందరాజు వస్తారు. గురువారం చిలకలగుట్ట దిగి సమ్మక్క గద్దెనెక్కుతుంది.

నా పరిశోధన కోసం సమ్మక్క కథలు సేకరిస్తున్నప్పుడు నన్ను పట్టుకున్నది ఈ నడకే. కాకతీయులతో జరిగిన యుద్ధం గురించి, వీరత్వం గురించి చాలామంది రాశారు. కానీ మొగుడు తన ఊరి నుంచి నడిచి పెళ్ళాం ఇంటికి రావడం, అల్లుడు కూడా అలాగే రావడం, నాలుగో రోజు వనప్రవేశం తర్వాత ఎవరి చోటికి వాళ్ళు వెళ్ళిపోవడం! మన పురాణాల్లో ఆడవాళ్ళే కదా నడిచేది, అదీ మొగుడి వెనక. ఇక్కడ నడిచేది రాజు. ఈ సంగతి కాగితాల్లో రాసుకుంటే సరిపోలేదు. ఆ దారి నా కాళ్ళకి తెలియాలనిపించింది.

మా అమ్మమ్మది జనగామ దగ్గరి పల్లె. ఆమె చిన్నప్పుడు ఎడ్లబండి కట్టుకుని మేడారం పోయేవాళ్ళట. బండ్లో బంగారం (అదే, బెల్లం), ఒడిబియ్యం, కోళ్ళు, ముసలివాళ్ళు. వయసులో ఉన్న ఆడవాళ్ళు మాత్రం బండి వెనక నడిచేవాళ్ళు. "నడుస్తాంటే నవ్వులే నవ్వులు బిడ్డా, అత్త ముందలి బండ్ల ఉండె" అని చెప్పేది. ఏడాది పొడవునా ఆమె అంతదూరం ఇంటికి ఎడంగా ఉన్నది ఆ కొద్ది రోజులే అనుకుంటాను. అప్పుడంతా ఒకటే వరంగల్ జిల్లా. ఇప్పుడు పూనుగొండ్ల ఒక జిల్లా. మేడారం 2016లో భూపాలపల్లి జిల్లాలోకి, 2019లో ములుగులోకి వెళ్ళింది. దారి మారలేదు గానీ అనుమతి అడగాల్సిన ఆఫీసులు పెరిగాయి.

ఆ గేటు దాకా రావడానికే నాకు ఏడాదిన్నర పైన పట్టింది.

2023 జులైలో మొదటిసారి బయల్దేరదామనుకున్నాను. వానాకాలంలో వాగులెలా ఉంటాయో చూడాలని తెలివితక్కువ ఆలోచన. ఆ నెల 27 ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి నీళ్ళలో మునిగి జనం ఇళ్ళ కప్పులెక్కారు. గోవిందరాజు ఊరు కొండాయి మీదికి జంపన్నవాగు వచ్చింది. ఎనిమిది మంది కొట్టుకుపోయారు. జాతరలో కోటిమంది మునిగే వాగు అదే. ఆ తర్వాత చాలా రోజులు నడక మాట తలుచుకోడానికే సిగ్గేసింది.

రెండోసారి 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య సుడిగాలి కొట్టింది. కొన్ని గంటల్లో కూలిన చెట్లు యాభై వేల పైనే అన్నారు. మనుషులెవరికీ ఏమీ కాలేదు, ఊరి మీదికి రాకుండా సమ్మక్క ఆపిందని అక్క నమ్మకం. ఫోన్‌లో అడిగితే, "దారి ఉన్నది గని కనబడదు బిడ్డా, చెట్లన్నీ పండుకున్నయ్" అంది. డిసెంబర్ 1న చల్పాక అడవిలో ఎన్‌కౌంటర్, ఏడుగురి మరణం. మూడు రోజులకి ములుగు కేంద్రంగా భూకంపం. అడవిలో కూంబింగ్ ఉంది, రావద్దంది అక్క.

అమెరికాలో ఉన్న నా స్నేహితురాలు వారాంతాల్లో అపలాచియన్ ట్రయిల్ మీద నడుస్తుంది. దాదాపు 3,500 కిలోమీటర్ల దారి. 2024 సెప్టెంబర్‌లో హెలీన్ తుఫానుకి దక్షిణాన చాలా భాగం మూసేశారు. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా మూసి ఉందో, ఏ వంతెన పోయిందో, ఎటు తిరిగి వెళ్ళాలో ఎప్పటికప్పుడు ప్రకటించేవారట. నాకు అసూయ కలిగింది. నాకున్నది అక్క ఒక్కతే. అయితే ఆమె ప్రకటనలో తప్పు ఎప్పుడూ రాలేదు. ఆ దారినే 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ళ ఆవిడ మొదటి నుంచి చివరిదాకా ఒంటరిగా నడిచింది. పదకొండు మంది పిల్లల తల్లి, ఏళ్ళ తరబడి మొగుడి చేతిలో దెబ్బలు తిన్న మనిషి. ఇంట్లో అలా నడిచొస్తానని మాత్రమే చెప్పిందట. ఆమెనీ దారిలో ఎవరో ఒకరు అడిగే ఉంటారు, వెంట ఎవరున్నారని.

ఇంత దూరం పోనక్కర్లేదు. 1986లో వచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ సాయుధ పోరాటపు ఆడవాళ్ళు అడవుల్లో నడిచిన నడక ఉంది. బిడ్డను వదులుకుని దళంతో సాగిన కమలమ్మ ఉంది. ఆ పుస్తకం చదివి డాక్టరేటు దాకా వచ్చినదాన్ని, రేకుల షెడ్డు ముందు నిలబడి, "మా ఆయన హైదరాబాద్‌లో ఉన్నారు, కావాలంటే ఫోన్ చేయండి" అన్నాను. నిజంగా అన్నాను. ఇప్పటికీ అది గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి.

ఆయన్నీ పూర్తిగా తప్పుపట్టలేను. ఏదైనా జరిగితే ఉద్యోగం పోయేది ఆయనకే. పులి తిరుగుతోందని కూడా చెప్పాడు. కానీ మేం చూస్తుండగానే ఇద్దరు కుర్రాళ్ళు బైకు మీద వచ్చి, రిజిస్టర్ ముట్టుకోకుండా గేటు పక్క సందులోంచి లోపలికి పోయారు. పులి సంగతి వాళ్ళకెవరూ చెప్పలేదు.

అక్కకు మాత్రం గేటు కొత్త కాదు. ఇప్పపువ్వుకి పోయినప్పుడు గంప దించి చూపించాలి, కట్టెలకి పోతే గొడ్డలి అక్కడ పెట్టి పోవాలి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పట్టా భార్యాభర్తలిద్దరి పేరనా ఉండాలి. మీ పట్టా మీద నీ పేరుందా అని అడిగాను. "ఉన్నదట. కాయితం ఆయన పెట్టెల ఉంటది" అంది. పగిడిద్దరాజు వెంట ఎప్పుడైనా నడిచావా అంటే నవ్వింది. "మా ఇంటాయన పోతడు. మ్యాకలు, పిల్లలు, వచ్చేటి చుట్టాలు... నేను ఆఖర్న ఆటోల పోత. సమ్మక్క ఏమనుకోదు."

షెడ్డు ముందు అరగంట గడిచింది. ఆయన కలం నా చేతికిచ్చి మళ్ళీ అడిగాడు. మగతోడు పేరు రాస్తే పంపిస్తానని.

అక్క లేచి చీర దులుపుకుంది. "పగిడిద్దరాజు అని రాయి బిడ్డా."

ఆయన గబుక్కున చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించాడు. గేటు మాత్రం తియ్యలేదు. మేం రోడ్డు మీదికొచ్చి, పస్రా బస్సు కోసం నిలబడ్డాం. అక్క కొంగు ముడిలోంచి బెల్లం ముక్క తీసి, సగం విరిచి నాకు పెట్టింది. ఎండలు ముదరకముందే ఇంకో దిక్కు నుంచి పోదాం, అటు గేటు లేదు అంది.