ఆదివారం బడి

వారంలో ఆరు రోజులు ఆ ఉన్నత పాఠశాలలో గంట కొట్టేది ఆమె. ఉదయం అందరికంటె ముందుగా వచ్చి తాళాలు తీస్తుంది. మంచినీళ్ల బిందెలు నింపి, హాజరు పట్టీలు ప్రధానోపాధ్యాయుని బల్లమీద సర్ది ఉంచుతుంది. ఏడవ రోజున కూడా తాళాలు తీసేది ఆమే. కాని ఆదివారం నాడు గది తెరిచిన తరువాత ఆమె గుమ్మం దగ్గర నిలబడదు. లోపలికి వెళ్లి మూడవ వరుసలో, గోడవారగా ఉన్న బల్లమీద కూర్చుంటుంది. ఆనాడు ఆమె అటెండరు కాదు, పదవ తరగతి విద్యార్థిని.

ఆంధ్రప్రదేశ్ కోస్తాలో ఒక మండల కేంద్రంలో ఉన్నది ఈ పాఠశాల. ఇదే శాఖలో పనిచేస్తున్న భర్త కన్నుమూయగా, కారుణ్య నియామకం కింద ఆమెకు ఈ ఉద్యోగం వచ్చింది. ఎనిమిదవ తరగతి పూర్తికాగానే పెళ్లి చేశారు. చదువు అంతటితో ఆగింది. పదవ తరగతి ధ్రువపత్రం చేతిలో ఉంటే ఉద్యోగంలో ఒక మెట్టు పైకి ఎక్కే వీలున్నది. లేకపోతే పదవీ విరమణ దాకా ఆ గంటా, ఆ తాళాలే. ఈ సంగతి చెప్పినవాడు ఆఫీసు గుమాస్తా. “ఓపెన్ స్కూల్లో కట్టండి అక్కా. రోజూ బళ్లోనే ఉంటూ బడి చదువు లేకపోవడమేమిటి?” అన్నాడు. ఆ మాట ఆమెకు గుచ్చుకున్నది. నెల తిరగకుండానే రుసుము కట్టింది.

ఆమె కూతురు అదే పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుతున్నది. రాత్రి భోజనాలైన తరువాత ఇద్దరూ ఒకే చాపమీద పుస్తకాలు పరుచుకుంటారు. బీజగణితం దగ్గర తల్లి ఆగిపోతే, “అది కాదమ్మా, ఆ పక్కనుంచి ఈ పక్కకు తెస్తే గుర్తు మారుతుంది” అని కూతురు దిద్దుతుంది. తల్లి నవ్వుతుంది. మారవలసిన గుర్తులు జీవితంలో చాలా ఉన్నాయని ఆమెకు తెలియకపోలేదు.

ఒకే బడి, ఒకే ఇల్లు, దాదాపు ఒకే చదువు. ప్రభుత్వ ఖాతాలో మాత్రం ఈ ఇద్దరివీ రెండు వేర్వేరు పద్దులు. కూతురి పాఠ్యపుస్తకాలకు, ఏకరూప దుస్తులకు, మధ్యాహ్న భోజనానికి, ఆమెకు చదువు చెప్పే ఉపాధ్యాయుల జీతాలకు ప్రజాధనమే ఆధారం. తల్లి మాత్రం ప్రవేశ రుసుము కట్టింది. పరీక్ష రుసుము సబ్జెక్టుకు ఇంత అని విడిగా కట్టాలి. బడికి వచ్చిన బిడ్డ ఖర్చు ప్రభుత్వానిది. బడి తప్పిన బిడ్డ పెద్దదై తిరిగివస్తే, ఆ ఖర్చులో మంచి భాగం ఆమెదే. ఈ ఏర్పాటు ఎవరో పనిగట్టుకొని తలపెట్టిన అన్యాయం కాదు. అది ఎలా రూపొందిందో తెలుసుకోవాలంటే కొంత వెనక్కి వెళ్లాలి.

మన దేశంలో పాఠశాల చదువు తపాలా సంచిలో ఇంటికి చేరడం 1960 దశకంలో ఆరంభమయింది. 1965లో భోపాల్‌లో మధ్యప్రదేశ్ మాధ్యమిక విద్యామండలి ఉత్తరాల ద్వారా బోధన మొదలుపెట్టింది. 1968లో ఢిల్లీలో పత్రాచార విద్యాలయం వెలిసింది. పగలు పనిచేసుకునేవారికి తీరిక వేళల్లో చదువుకునే మార్గం ఉండాలని కొఠారీ కమిషన్ గట్టిగా సిఫారసు చేసిన కాలమది. 1979లో కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి ఢిల్లీలో ‘ఓపెన్ స్కూలు’ను ఒక ప్రయోగంగా ప్రారంభించింది. ఇది పాఠాలు పంపి ఊరుకునే పద్ధతి కాదు. వయస్సుకు పైహద్దు లేదు. నచ్చిన సబ్జెక్టులు ఎంచుకోవచ్చు. అన్ని పరీక్షలూ ఒక్కసారే గట్టెక్కాలన్న నిర్బంధం లేదు.

1986 నాటి జాతీయ విద్యావిధానం ఈ ప్రయోగాన్ని విస్తరించాలని చెప్పింది. 1989 నవంబరులో అది జాతీయ సార్వత్రిక పాఠశాలగా స్వతంత్ర సంస్థ అయింది. 1990లో రాజపత్ర ప్రకటన ద్వారా పరీక్షలు జరిపి ధ్రువపత్రాలు ఇచ్చే అధికారం పొందింది. 2002లో దాని పేరు జాతీయ సార్వత్రిక విద్యా సంస్థగా మారింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సార్వత్రిక విద్యాపీఠం 1991లో ఏర్పడింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణకు తన విద్యాపీఠం తనకు వచ్చింది. ప్రపంచంలోకెల్లా పెద్ద సార్వత్రిక పాఠశాల వ్యవస్థగా నేడు జాతీయ సంస్థకు పేరున్నది.

ఇంత పెద్ద వ్యవస్థను నడిపేదెవరు? చట్టం దృష్టిలో జాతీయ సంస్థ 1860 నాటి సంఘాల నమోదు చట్టం కింద రిజిస్టరయిన ఒక సంఘం. విద్యామంత్రిత్వ శాఖ దానిపైన ఉన్నా, రోజువారీ వ్యవహారంలో అది స్వయంప్రతిపత్తి గల సంస్థ. సిలబస్, పాఠ్యగ్రంథాలు, పరీక్ష, ధ్రువపత్రం అన్నీ దానివే. కాని దానికి స్వంత తరగతి గదులు లేవు. ఆ లోటు తీర్చడానికి, అప్పటికే నడుస్తున్న పాఠశాలలకు గుర్తింపు ఇచ్చి అధ్యయన కేంద్రాలుగా వాడుకుంటుంది. ఆ పాఠశాల గదులు ఇస్తుంది, తన ఉపాధ్యాయులచేత సెలవు రోజుల్లో సంపర్క తరగతులు చెప్పిస్తుంది. చేరినవారి సంఖ్యను బట్టి దానికి కొంత పైకం ముడుతుంది. రాష్ట్రాల విద్యాపీఠాలు చాలావరకు ఈ దారినే నడిచాయి.

పొదుపు దృష్టితో చూస్తే ఇంతకంటె తెలివైన ఏర్పాటు లేదు. కొత్త భవనం అక్కరలేదు, కొత్త ఉపాధ్యాయుడు అక్కరలేదు. అయితే ఇందులోనే ఒక చిక్కు దాగి ఉన్నది. పుస్తకం రాసినవారు ఒకచోట, పాఠం చెప్పేవారు మరొకచోట, ప్రశ్నపత్రం కూర్చేవారు ఇంకొకచోట ఉంటారు. అభ్యాసకుడు ఎక్కడైనా చిక్కుకుంటే, ఆ బాధ్యత ఫలానావారిదని వేలు చూపడం కష్టం. ఆ మండల కేంద్రంలోనూ అదే జరిగింది. పుస్తకాలు తరగతులకంటె ఆలస్యంగా వచ్చాయి. రెండు ఆదివారాలు ఉపాధ్యాయుడు రాలేదు. వారమంతా పనిచేసినవాడు ఏడవనాడు కూడా రావాలంటే ఆయన ఇంటి సంగతీ ఆలోచించాలి కదా! ఆమె గది తెరిచి, ముప్పావుగంట కూర్చుని, తిరిగి తాళం వేసింది. ఎవరిమీద ఫిర్యాదు చెయ్యాలో ఆమెకు తెలియలేదు. తెలిసినా, రేపు సోమవారం ఆ ఉపాధ్యాయుని గదికే కదా ఆమె సుద్దముక్కలు తీసుకువెళ్లాలి!

ఇక ధనం మాట. జాతీయ సంస్థకు ప్రత్యేక పథకాల కింద ప్రభుత్వ సహాయం అందుతున్నా, నిత్యవ్యయానికి ప్రధానమైన ఆధారం విద్యార్థులు చెల్లించే రుసుములే. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, వికలాంగులకు రాయితీలున్నాయి. అవి రుసుమును తగ్గిస్తాయిగాని తీసివెయ్యవు. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ విద్యను ప్రాథమిక హక్కు చేసింది. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఉచిత విద్యకు 6 నుంచి 14 ఏళ్ల వయస్సును హద్దుగా పెట్టింది. జాతీయ సంస్థలో పదవ తరగతికి చేరడానికి కనీస వయస్సు కూడా 14 ఏళ్లే. హక్కు ఎక్కడ ముగుస్తుందో, సార్వత్రిక పాఠశాల గడప సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

ఈ లోటును ప్రభుత్వం గమనించలేదనలేము. సమగ్ర శిక్షా పథకాన్ని 2021లో సవరించినప్పుడు, బడికి దూరమైన 16 నుంచి 19 ఏళ్ల షెడ్యూల్డు కులాల, తెగల, వికలాంగ పిల్లలు సార్వత్రిక విధానంలో చదువుకుంటే తలకు 2,000 రూపాయల వరకు సహాయం చేసే ఏర్పాటు జరిగింది. అది మంచి ఏర్పాటు. కాని మన అటెండరమ్మకు 34 ఏళ్లు. చదువు ఆగిపోయిన నాడు ఆమె వయస్సు ఆ పథకానికి చాలలేదు. చదువు మళ్లీ మొదలుపెట్టిన నాడు మించిపోయింది.

మరొక దేశపు అనుభవం ఇక్కడ గుర్తుచేసుకోదగినది. న్యూజీలండ్‌లో 1922లో ప్రభుత్వం ఒకే ఒక ఉపాధ్యాయురాలితో ఉత్తరాల బడి ప్రారంభించింది. దీపస్తంభాల దగ్గర, మారుమూల పశువుల క్షేత్రాల్లో పెరిగే పిల్లల కోసం అది పుట్టింది. ఆస్ట్రేలియా ఎడారి నడుమ ఆలిస్ స్ప్రింగ్స్‌లో 1951లో రేడియో మీద పాఠాలు మొదలయ్యాయి. రోగులకు విమానంలో వైద్యుణ్ణి చేర్చే సంస్థవారి రేడియో యంత్రాలే అందుకు సాధనమయ్యాయి. ఆ రెండు చోట్లా ఎవరూ అడగని ప్రశ్న ఒకటున్నది: ఈ ఖర్చు ఎవరిది? బిడ్డ బడికి రాలేనంత దూరంలో ఉంటే, ఆ దూరం దాటవలసిన బాధ్యత బడిదేనని వారు మొదటే ఒప్పుకున్నారు. మన దేశంలో దూరాన్ని మైళ్లలో కొలవలేము. బాల్యవివాహం ఒక దూరం. పేదరికం ఒక దూరం. తప్పిన లెక్కల పరీక్ష ఒక దూరం. వీటిని కొలిచే గొలుసు లేదు గనుక, వీటిని దాటే ఖర్చు వాటిలో చిక్కుకున్నవారిమీదే పడింది.

డబ్బు ఒక్కటే కాదు, నమ్మకం కూడా ఒక విధమైన మూలధనమే. ధ్రువపత్రం చట్టం ముందు సమానమే అయినా, ‘ఓపెన్ స్కూలా?’ అని పెదవి విరిచేవారు నేటికీ ఉన్నారు. 2018లో సార్వత్రిక పాఠశాలలో చదివినవారు వైద్యవిద్య ప్రవేశపరీక్షకు అనర్హులనే నిబంధన వచ్చింది. ఆ ఏడాది మే నెలలోనే ఢిల్లీ హైకోర్టు అది చెల్లదని తీర్పు చెప్పింది. అయినా ఆ వివాదం 2024 వరకు సుప్రీంకోర్టులో సాగింది. ప్రభుత్వమే స్థాపించిన బడిలో చదివినవారు ప్రభుత్వ పరీక్ష రాయడానికి కోర్టు మెట్లెక్కవలసి వచ్చిందన్నమాట.

ఇన్ని లోట్లున్నా ఈ విధానం గొప్పతనాన్ని తక్కువ చెయ్యకూడదు. ఆ గొప్పతనం పుస్తకంలో ఉన్నది. మామూలు పాఠ్యపుస్తకం పక్కన ఉపాధ్యాయుడున్నాడన్న ధీమాతో రాసినది. ఇది ఉపాధ్యాయుడు లేడని తెలిసి రాసినది. ప్రతి పాఠం మొదట, ఇది చదివితే ఏమి తెలుస్తుందో చెబుతుంది. నాలుగు పుటలకొకసారి ఆగి ప్రశ్న వేస్తుంది. జవాబు చివర ఇచ్చి, సరిచూసుకొమ్మంటుంది. అందుకే ఇటువంటి పుస్తకాలకు భాష ప్రాణం. మరో భాషనుంచి తెచ్చిన వాక్యం తెలుగులో తడబడితే, తరగతిలోనైతే ఉపాధ్యాయుడు సర్దిచెబుతాడు. ఒంటరిగా చదివే మనిషికి ఆ దిక్కు లేదు. అర్థం కానిది వాక్యం తప్పని ఆమె అనుకోదు. తన బుర్ర తప్పనుకుంటుంది. విజ్ఞానశాస్త్ర పాఠంలో ఒక వాక్యాన్ని ఆమె ఐదుసార్లు చదివి, పుస్తకం మూసి, “నాకిక రాదులే” అన్నది. కూతురు తన పుస్తకంలో అదే విషయం వెతికి రెండు చిన్న వాక్యాల్లో చెప్పింది. అనువాదానికి, సంపాదకత్వానికి పెట్టే నాలుగు రూపాయలు మిగుల్చుకుంటే నష్టపోయేది ఎవరో ఆ రాత్రి ఆ చాపమీద తేటతెల్లమయింది.

2020 నాటి నూతన విద్యావిధానం జాతీయ, రాష్ట్ర సార్వత్రిక పాఠశాలలను విస్తరించాలని, ప్రాంతీయ భాషల్లో వాటిని బలపరచాలని చెబుతున్నది. అదే సంవత్సరం కరోనా కాలంలో దూరవిద్య అంటే ఏమిటో దేశంలోని ప్రతి ఇంటికీ తెలిసివచ్చింది. టెలివిజన్ చానళ్లు వచ్చాయి, సెల్‌ఫోన్ పాఠాలు వచ్చాయి. అవి అవసరమే. కాని ఒకే ఫోనును తల్లీ కూతుళ్లు పంచుకునే ఇంట్లో, ఎవరి పాఠం ముందు వినాలన్న ప్రశ్నకు తల్లి ఎప్పుడూ ఒకే జవాబు చెబుతుంది. విస్తరణ అంటే చేరేవారి సంఖ్య పెంచడమే కాదు. చేరినవారిని గట్టు చేర్చే ఖర్చును బడ్జెట్టులో చూపించడం. ఆదివారం వచ్చే ఉపాధ్యాయునికి గౌరవప్రదమైన వేతనం, తరగతులకు ముందే చేరే పుస్తకం, ఏ వయస్సులో వచ్చినా మొదటి పదవ తరగతికి రుసుము లేని ప్రవేశం. ఈ మూడూ ప్రభుత్వాల శక్తికి మించినవి కావు.

పరీక్షల రోజు వచ్చింది. పక్క ఊళ్లో కేంద్రం. హాలులో ఆమె పక్కన ఒక లారీ క్లీనరు, ముందు వరుసలో మనుమడిని ఎత్తుకొచ్చిన అమ్మమ్మ వయస్సు స్త్రీ. గంట మోగింది. వేరెవరో కొట్టిన గంటకు లేచి నిలబడి కూర్చోవడం ఆమెకు ఇరవై ఏళ్ల తరువాత అదే మొదటిసారి.

ఫలితాలు వచ్చాయి. మూడు సబ్జెక్టులు గట్టెక్కాయి; గణితం, విజ్ఞానశాస్త్రం మిగిలాయి. “పోనీలేమ్మా, అయిదేళ్లలో తొమ్మిదిసార్లు రాయనిస్తారుట” అన్నది కూతురు. అది నిజం, ఈ విధానంలోని దయ అంతా ఆ ఒక్క నియమంలో ఉన్నది. ఏడాదికి రెండుసార్లు పరీక్షలుంటాయి. ప్రతిసారీ రుసుముంటుంది.

తల్లి ఆ రాత్రి డబ్బాలోంచి నోట్లు తీసి రెండు సబ్జెక్టులకు లెక్కపెట్టి విడిగా కట్టింది. తెల్లవారితే సోమవారం. ఎప్పటిలాగే అందరికంటె ముందుగా వెళ్లి తాళాలు తీసి, కూతురి తరగతికి గంట కొట్టింది.