పక్క గదిలో ఇంగ్లీషు క్లాసు

ఆదివారం పది గంటలకి పిల్లలు తెలుగు క్లాసుల్లోకి వెళ్ళిపోతారు. వాళ్ళతో వచ్చిన తాతయ్యలు, మామ్మలు పన్నెండు దాకా వరండాలో కుర్చీల్లో కూర్చుంటారు. ఏళ్ళ తరబడి చూస్తూనే ఉన్నాం కానీ, వాళ్ళకీ ఏదైనా నేర్పుదామని మాకు తట్టలేదు. తట్టించింది తణుకు నుంచి వచ్చిన ఒక మామ్మగారు.

ఒక చలికాలం పొద్దున ఇంట్లో ఒక్కరే ఉండి పోపు వేస్తుంటే స్మోక్ అలారం మోగిందట. కంగారుగా స్టవ్ కట్టేసి, హవాయి చెప్పులతోనే మంచులోకి వచ్చేశారు. పక్కింటి అమెరికన్ ఆవిడ పరుగెత్తుకొచ్చి ఏమేమో అడిగింది. నిప్పు లేదమ్మా, పోపే అని చెప్పడానికి ఈవిడకి ఒక్క మాట రాలేదు.

"ముప్పై ఏళ్ళు బళ్ళో తెలుగు చెప్పినదాన్ని బాబూ, ఇక్కడ మూగదాన్నైపోయాను" అన్నారు మాతో.

ఆ తర్వాతి వారమే పక్క గదిలో ఇంగ్లీషు క్లాసు మొదలుపెట్టాం. మేం నలుగురం, అందరం సాఫ్ట్‌వేర్ వాళ్ళమే, పదో తరగతి దాకా తెలుగు మీడియమే. గ్రామర్ పుస్తకం తెచ్చి పాసివ్ వాయిస్ అందుకున్నాం (మాకొచ్చింది అదే మరి!). రెండు వారాల్లో సగం కుర్చీలు ఖాళీ. అప్పుడు మా సంగతే గుర్తొచ్చింది. ఇక్కడికి వచ్చిన కొత్తలో మీటింగులో "ఐ హావ్ ఎ డౌట్" అంటే, తన మాట మీద నమ్మకం లేదనుకుని మేనేజరు మొహం మాడ్చుకున్నాడు. గ్రామర్ ప్రకారం తప్పేముంది అందులో?

పుస్తకం మూసేసి, ఏం కావాలో వాళ్ళనే అడిగాం. 911కి ఫోన్ చేస్తే ముందు అడ్రసు చెప్పడం. మందుల షాపులో పుట్టినరోజు అడిగితే నెల ముందు, తేదీ తర్వాత. లిఫ్టులో ఒకటి నొక్కితే మన లెక్కలో గ్రౌండ్ ఫ్లోరే.

ఒక తాతయ్యగారు సిటిజన్‌షిప్ పరీక్షకి తయారవుతున్నారు. 2025 అక్టోబర్ 20 నుంచి దరఖాస్తు పెట్టినవాళ్ళకి 128 ప్రశ్నల జాబితా. 20 దాకా అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. ఆయనకి మొత్తం కంఠతా వచ్చు. అయితే ఇంగ్లీషు మాట్లాడడం వచ్చో రాదో ఆఫీసరు తేల్చేది దరఖాస్తు గురించి అడిగే మామూలు ప్రశ్నలతోనే. "దేశం దాటి ఎన్నిసార్లు వెళ్ళారు?" అని మేం అడిగితే ఆయన "సెనేటర్లు వందమంది" అన్నారు.

అసలు చిక్కు ఉచ్చారణ దగ్గర వచ్చింది. మామ్మగారు బస్సు, బ్రెడ్డు, మిల్కు అంటారు. మనవడు నవ్వుతాడు. ఆవిడ ఇక నోరు విప్పరు. వాడేమో ఇటు గదిలో నీళ్ళని "నీలు" అంటాడు, ఎవరం నవ్వం. పైగా ఆ గదిలో "తెలుగు అజంత భాష, మాట అచ్చుతో ముగుస్తుంది, అదే దాని అందం" అని మేమే చెప్తాం. ఈ గదిలో ఆ అచ్చునే తీసెయ్యమంటున్నాం! మాకే సిగ్గేసింది. బస్సుని బస్సుగానే ఉండనిచ్చాం, డ్రైవరుకి అర్థమైతే చాలు. మనవడికి మాత్రం ఒక పని పెట్టాం. రోజూ మామ్మకి ఐదు మాటలు నేర్పాలి, ఐదు నేర్చుకోవాలి. నవ్వితే పది.

మొన్న ఉగాదికి మామ్మగారు పులిహోర గిన్నె పట్టుకుని, మనవణ్ణి వెంటేసుకుని పక్కింటి తలుపు తట్టారట. ఆ రోజు ఫైరు కాదు, పోపు అని ఇంగ్లీషులో తనే చెప్పారట. ఆవిడ "పో పూ, పో పూ" అని పలుకుతుంటే మనవడు పడీపడీ నవ్వాడు (ఎందుకో మీ పిల్లల్ని అడగండి).

"నవ్వకురా, పాపం నేర్చుకుంటోంది" అని కసిరానన్నారు మామ్మగారు.