గట్టి తాళం

మాది కృష్ణా డెల్టాలో వ్యవసాయ కుటుంబం. సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్తే, ధాన్యం డబ్బులు బ్యాంకులో పడ్డాయేమో ఫోన్లో చూడమన్నారు నాన్న. చూసి చెప్పాను.

"మన లెక్క మధ్యలో ఇంకెవడూ చూడడు కదరా?" అన్నారు.

"తాళం వేసి ఉంటుంది నాన్నా."

"ఆ తాళం ఎవడు చేశాడు?"

కంప్యూటర్ సైన్సు చదివే కొడుకు దగ్గర జవాబు లేదు! సిగ్గేసింది. కాలేజీకి తిరిగొచ్చి లైబ్రరీలో కూర్చున్నాను.

1990లలో అమెరికా ఈ రహస్య లిపి తాళాలను ఫిరంగులతో పాటు ఆయుధాల జాబితాలోనే ఉంచింది. 1996 చివర్లో అందులోంచి తీసినా, ఎగుమతి ఆంక్షలు మాత్రం పోలేదు. నెట్‌స్కేప్ బ్రౌజరు వాళ్ళకి 128 బిట్ల తాళంతో, మనబోటి పరదేశీయులకి 40 బిట్ల తాళంతో వచ్చేది. 40 బిట్లంటే సుమారు 1,09,951 కోట్ల తాళంచెవులు. చాలా ఎక్కువే అనిపిస్తుంది. కానీ 1995లో ఫ్రాన్సులో డామియన్ డోలిజే ఖాళీగా ఉన్న కంప్యూటర్లను పనిలో పెట్టి, ఒక్కొక్క చెవీ తిప్పి చూస్తూ ఎనిమిది రోజుల్లో ఒక తాళం తీసేశాడు.

మరి గట్టి తాళం ఎలా దొరికింది? అమెరికా చట్టం అమెరికా సరుకునే ఆపగలదు. లెక్కల సూత్రాలు అందరికీ తెలిసినవే కదా! ఆస్ట్రేలియాలో ఎరిక్ యంగ్, టిమ్ హడ్సన్‌తో కలిసి ఆ ప్రోగ్రాములు సొంతంగా రాసి ఉచితంగా పంచాడు. ఇంగ్లండులో బెన్ లారీ వాటిని అపాచీ వెబ్ సర్వరుకి జోడించాడు. ఆ ప్రోగ్రాముల నుంచే 1998లో ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. పుట్టింది. గట్టి తాళాలు సరిహద్దు బయటే తయారవుతుంటే ఇక ఆపి లాభమేమిటి? 2000 జనవరిలో అమెరికా ఆంక్షలను బాగా సడలించింది.

కథ అక్కడితో అయిపోలేదు. పాత బలహీనపు తాళాలు ఎన్నో సర్వర్లలో అలాగే ఉండిపోయాయి. గట్టి తాళం వాడుతున్నవాళ్ళని కూడా మధ్యలో ఎవడో మోసం చేసి ఆ పాతదానికి దించవచ్చని 2015లో పరిశోధకులు కనిపెట్టారు. దానికి ఫ్రీక్ అని పేరు. ఆ చిక్కులో అమెరికా వెబ్‌సైట్లూ పడ్డాయి.

ఉగాదికి వెళ్ళినప్పుడు ఇదంతా నాన్నకి చెప్పాను. చేను గట్టు మీద నిలబడి విన్నారు.

"పక్కవాడి గట్టు తక్కువ కట్టిస్తే, వాన ముంచినప్పుడు నీళ్ళు మన మళ్ళోకీ వస్తాయిరా" అన్నారు. కాసేపాగి, "ఇంతకీ మనది ఏ తాళం?"

"గట్టిదే నాన్నా. ఈసారి చూసే చెబుతున్నాను."