కూడబెట్టినది ఎవరిది?

సేకరణ మానవ స్వభావంలోనే ఉంది. చిన్ననాట గోళీలు, అగ్గిపెట్టె బొమ్మలు, తపాలా బిళ్ళలు; పెద్దయిన తర్వాత పుస్తకాలు, నాణేలు, నగలు, భూములు. వస్తువు మారుతుందే గాని ఆశ మారదు. అయితే కూడబెట్టే విద్య అందరికీ వచ్చినంతగా, కూడబెట్టినదానిని విడిచిపెట్టే విద్య రాదు. ఒక పెద్ద సంగ్రహం అమ్మకానికి వచ్చిన నాడు దాని యజమాని గుణం, అతని ఇంటివారి గుణం, ఆ ఊరివారి గుణం మూడూ ఒక్కసారిగా బయటపడతాయి.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది పాతకాలపు పందెపు కార్ల అమ్మకాన్ని గురించి. తెలుగు పాఠం చెప్పుకొనేవారికి కార్లతో పనేమిటని మా విద్యార్థులు నవ్వవచ్చు. మాకు కారు నడపడమైనా రాదు. అయినా ఈ కథలో కార్ల కంటె మనుష్యులే ఎక్కువగా ఉన్నందున చెప్ప సాహసిస్తున్నాము.

ఫ్రాన్సు దేశపు తూర్పు అంచున, జర్మనీ, స్విట్జర్లాండు సరిహద్దులను ఆనుకొని అల్సాస్ అనే సీమ ఉంది. ఇటలీలోని మిలాన్ నగరంలో 1881లో జన్మించిన ఎట్టోర్ బుగాట్టి, ఆ సీమలోని మోల్‌షైమ్ అనే చిన్న ఊరిలో 1909లో కార్ల కర్మాగారం స్థాపించాడు. ఆయన తండ్రి కొయ్యసామానుల రూపకల్పనలో పేరుపొందినవాడు. తమ్ముడు జంతువుల విగ్రహాలు పోతపోసిన శిల్పి. ఆ కళాదృష్టి బుగాట్టి యంత్రాలలోనూ కనిపిస్తుంది. 1924లో వెలువడిన ‘టైప్ 35’ అనే పందెపు కారు ఎంత తేలికో అంత అందమైనది. సిసిలీ ద్వీపంలో జరిగే టార్గా ఫ్లోరియో పందెంలో 1925 నుండి 1929 వరకు వరుసగా 5 ఏండ్లు బుగాట్టి కార్లే గెలిచాయి. రాజుల కోసమని ఆయన 12.7 లీటర్ల ఇంజనుతో ‘రాయల్’ అనే మహాశకటాన్ని కూడ నిర్మించాడు. అంతలో ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. చేసినవి 6, ఆనాడు కొన్నవారు ముగ్గురే. కొడుకు జాన్ 1939లో ఒక కారును పరీక్షిస్తూ ప్రమాదంలో మరణించాడు. 1947లో తండ్రి కూడ కన్నుమూశాడు. ఆ తర్వాత కర్మాగారం వెలుగు తగ్గింది. కార్లు మాత్రం లోకమంతటా చెదరి మిగిలాయి.

వాటిని ఏరి కూర్చుకొన్నవారిలో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రానికి చెందిన జాన్ షేక్‌స్పియర్ ఒకడు. ఆయనకు 30 బుగాట్టి కార్లు ఉండేవి. అందులో ఒకటి రాయల్. 1964లో ఆయన ఆ ముప్ఫైనీ ఒక్క మొత్తంగా 85,000 డాలర్లకు అమ్మివేశాడు. కార్లన్నీ రైలు పెట్టెలకెక్కి, పిదప ఓడనెక్కి, తాము పుట్టిన అల్సాస్ సీమకే తిరిగి చేరుకొన్నాయి. కొన్నవాడు ఫ్రిట్జ్ ష్లుంఫ్. ఇక్కడినుండి కథ మలుపు తిరుగుతుంది.

ఫ్రిట్జ్, అతని అన్న హాన్స్ ఉన్ని మిల్లుల యజమానులు. మ్యులూజ్ నగరం, దాని చుట్టుపట్ల ఊళ్ళు తరతరాలుగా నూలు వడకడం, బట్ట నేయడం మీద బ్రతికినవి. ఈ సోదరులు మ్యులూజ్‌లో పాతబడిన ఒక మిల్లును తీసుకొని, అందులో రహస్యంగా కార్లు నింపసాగారు. నిపుణులైన పనివారిని పెట్టి, తుప్పుపట్టిన వాటికి ప్రాణం పోయించారు. పారిస్‌లోని మూడవ అలెగ్జాండరు వంతెన మీది దీపస్తంభాల నమూనాలో వందల కొద్దీ దీపాలు నిలిపారు. 400కు పైబడిన కార్లు. అందులో 100కు మించినవి బుగాట్టిలే. ఇంత చేసి, దానిని తమ తల్లి స్మృతికి అంకితం చేశారు. మాతృభక్తిని మేము శంకించము. కాని తలుపులు మాత్రం ప్రజలకు తెరవలేదు.

1970లలో ఐరోపా బట్టల పరిశ్రమ దెబ్బతిన్నది. 1976లో ష్లుంఫ్ మిల్లులు కూలిపోయాయి. సోదరులు స్విట్జర్లాండుకు వెళ్ళిపోయారు. పని పోయిన కార్మికులు 1977 మార్చిలో ఆ భవనాన్ని ఆక్రమించి లోపల అడుగుపెట్టారు. ఒక్క నిమిషం వారి స్థానంలో నిలిచి చూడండి. ఇంటిలో పొయ్యి ఎలా రాజుతుందో తెలియదు. ఎదుట చూస్తే బారులు తీరిన వందల కార్లు, పాలరాతి నునుపుతో మెరుస్తున్నాయి. మన చెమట ఇక్కడికి చేరిందా అన్న ప్రశ్న వారిలో ఎవరికి కలగకుండా ఉంటుంది?

పగులగొట్టి ఉంటే ఆశ్చర్యపడవలసినది లేదు. కాని వారు ఆ పని చేయలేదు. కావలి కాశారు. దానికి కార్మికుల పేరు పెట్టి, తలుపులు తెరిచి, రెండేండ్లపాటు ప్రజలకు చూపించారు. లక్షల మంది వచ్చి చూశారు. యజమాని దాచినదానిని పనివాడు చూపించాడు. సంపదను గురించి మేము చదివిన గ్రంథాలు కొన్ని ఉన్నాయి గాని, ఈ ఒక్క సంఘటన చెప్పినంత స్పష్టంగా అవి చెప్పలేదు.

అయితే ధర్మసందేహం అక్కడే మొదలవుతుంది. మిల్లులకు అప్పులున్నాయి. కార్లను విడివిడిగా వేలం వేస్తే ఎక్కువ సొమ్ము వస్తుంది. అప్పులవారికి న్యాయం జరుగుతుంది. కాని కార్లు దేశదేశాలకు చెదరిపోతాయి. అట్లా చెదరకుండా ఫ్రాన్సు ప్రభుత్వం 1978లో ఆ సంగ్రహాన్ని చారిత్రక సంపదగా ప్రకటించింది. 1981లో నగరపాలక సంస్థ మొదలైనవన్నీ చేరి ఏర్పడిన ఒక సంఘం 4 కోట్ల 40 లక్షల ఫ్రాంకులకు మొత్తం కొన్నది. 1982లో అది జాతీయ ప్రదర్శనశాలగా ప్రారంభమైంది. ధర చాల తక్కువని సోదరుల పక్షంవారు ఏండ్ల తరబడి వ్యాజ్యం నడిపారు. వారి మాట పూర్తిగా కొట్టివేయదగినది కాదు. ఒకని ఆస్తికి సమాజం వెల కట్టినప్పుడు, కొనేదీ వెల కట్టేదీ ఒకే చేయి అయితే తక్కెడ ఎటు మొగ్గుతుందో చెప్పనక్కరలేదు.

ఇందుకు భిన్నమైన దారి అమెరికాలో కనిపిస్తుంది. రీనో నగరంలో జూదశాలల అధిపతి విలియం హారా సుమారు 1,400 కార్లు సేకరించి 1978లో మరణించాడు. ఆయన వ్యాపారాన్ని 1980లో కొన్న హాలిడే ఇన్ సంస్థ 1984, 1985, 1986 సంవత్సరాలలో వాటిలో అధిక భాగం వేలం వేసింది. ఊరివారు ఆందోళన పడగా 175 కార్లను ప్రదర్శనశాల కొరకు దానమిచ్చింది. ఆ వేలంలోనే 1986లో ఒక్క బుగాట్టి రాయల్ 65 లక్షల డాలర్లు పలికింది. ఇరవై రెండేండ్ల క్రితం షేక్‌స్పియర్ అమ్మిన ముప్ఫై కార్లలో అట్టి రాయల్ ఒకటి ఉండగా మొత్తం ధర 85,000! వెల అనేది వస్తువులో లేదు, చూసే కంటిలో ఉందన్న సత్యానికి ఇంతకంటె నిదర్శనం వేరే ఏం కావాలి?

దూరదేశపు కథ అనుకొనవద్దు. మన హైదరాబాదు ఈ రెండు దారులనూ ఎరుగును. మూడవ సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949లో అవివాహితుడుగా మరణించినప్పుడు ఆయన దివాన్ దేవ్డీ నిండా ఉన్న కళాఖండాల గతి ఏమిటన్న ప్రశ్న లేచింది. పంచుకొని ఉంటే ఒక్కొక్క ఇంటిలో ఒక్కొక్క బొమ్మ మిగిలేది. 1951 డిసెంబరు 16న నెహ్రూగారు దానిని ప్రదర్శనశాలగా ప్రారంభించారు. 1958లో న్యాయస్థానం ద్వారా కుదిరిన రాజీతో కుటుంబంవారు సంగ్రహాన్ని ప్రభుత్వానికి వదలుకొన్నారు. 1961లో పార్లమెంటు దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. ఈనాడు మూసీ ఒడ్డున కూలివాని బిడ్డ కూడ ముసుగు వేసుకొన్న రెబెక్కా విగ్రహం ముందు నిలిచి చూడగలుగుతున్నాడు. ఇక నిజాం ఆభరణాలు. వాటిని విదేశాలకు పోనీయకుండా భారత ప్రభుత్వం 1995లో 173 నగలను 218 కోట్ల రూపాయలకు కొన్నది. నగలు దేశంలో నిలిచాయి; కాని రిజర్వు బ్యాంకు భాండాగారంలో ఉంటూ, అరుదుగా తప్ప జనం కంట పడలేదు. చెదరిపోకుండా కాపాడటం వేరు, పదిమందికి అందించడం వేరు.

ఈ విషయంలో మా మతధర్మం చెప్పేది కూడ ఆలోచింపదగినది. మరణించినవాని ఆస్తిలో అంత్యక్రియల వ్యయం, తర్వాత అప్పులు, ఆ పిదప మూడవ వంతుకు మించని వీలునామా, అన్నీ తీరిన తర్వాతనే వారసుల వాటాలు. కళాభిమానం ఎంత గొప్పదైనా ఋణం దానికంటె ముందు నిలుస్తుంది. కూలివానికి కూలి ఆలస్యం చేయరాదన్నది ప్రవక్త బోధ. అందుచేత మ్యులూజ్ కార్మికుల మాట మాకు పరాయిగా తోచలేదు. అట్లే వక్ఫ్ అనే ఏర్పాటు ఒకటి ఉంది. యజమాని తన జీవితకాలంలోనే ఒక ఆస్తిని ధర్మకార్యానికి కట్టివేస్తాడు. ఆ తర్వాత అది అమ్మకానికి గాని, వారసత్వానికి గాని రాదు. దాని ఫలం మాత్రం ప్రజలకు చెందుతుంది. ష్లుంఫ్ సోదరులు తమ మిల్లులు పచ్చగా ఉన్న రోజులలో అట్టి ఆలోచన చేసి, పనివారి బాకీ ముందు తీర్చి ఉంటే, వారి తల్లి పేరు ఇంకెంత గౌరవంగా నిలిచేదో!

ఇవన్నీ పుస్తకజ్ఞానంగానే ఉండిపోయేవి, మా మేనమామగారు మరణించకపోతే. ఆయన బడిపంతులు. ఉర్దూలోనూ తెలుగులోనూ సమానంగా చదివినవారు. ఆయన కూడబెట్టినవి రెండు బీరువాలు, మూడు ట్రంకు పెట్టెల పుస్తకాలు. వైద్యానికి చేసిన అప్పు మిగిలింది. కొడుకులు చెడ్డవారు కారు. చేతిలో డబ్బు లేనివారు. పాత పుస్తకాల వర్తకుడు వచ్చి, శిలాముద్రణ కాలపు ఉర్దూ దివానులు, పాత తెలుగు పత్రికల సంపుటాలు కలిపి నలభై ఏరి పక్కన పెట్టి, “ఇవి చాలు, తక్కినవి తూకానికి వేసుకోండి బాబూ” అన్నాడు. సలహా చెప్పమని మమ్మల్ని పిలిపించారు.

అమ్మవద్దని చెప్పడానికి మాకు నోరు రాలేదు. అప్పు తీర్చే శక్తి మాకు లేనప్పుడు ఆ మాట అనడం ఇతరుల కష్టం మీద మన సంస్కారం ఊరేగించడమే అవుతుంది. మేము కోరినది ఒక్కటే: వారం రోజుల గడువు. మా బావగారూ మేమూ కూర్చుని ప్రతి గ్రంథం పేరు, ముద్రణాలయం, సంవత్సరం, మామయ్యగారు అంచులలో వ్రాసుకొన్న మాటలు అన్నీ ఒక నోటు పుస్తకంలోకి ఎక్కించాము. తర్వాత ఆ నలభై వర్తకునికి వెళ్ళాయి; అప్పు తీరింది. తక్కినవి తూకానికి పోలేదు. మా ఊరి గ్రంథాలయం వారు ఒక బీరువాతో సహా తీసుకొన్నారు. ఆ నలభై గ్రంథాల జాబితా మా వద్ద ఉంది; గ్రంథాలు లేవు. మామయ్యగారు ఒక గజల్ పక్కన, దానికి సరితూగే తెలుగు పద్యం ఫలానా చోట ఉందని పెన్సిలుతో వ్రాసుకొన్న పుట ఇప్పుడు ఎవరి ఇంటిలో ఉందో!

మా కళాశాల రెండు భాషల గూడు. ఇక్కడి విద్యార్థుల ఇండ్లలో తాతలనాటి చేతివ్రాత పుస్తకాలు, ముషాయిరాల నోటు పుస్తకాలు, పాత పెండ్లి పత్రికలు తప్పక ఉంటాయి. వాటికి 65 లక్షల డాలర్లు ఎవరూ ఇవ్వరు. అందుకే వాటికి ఎక్కువ ప్రమాదం. విద్యార్థులారా, ఈ సెలవులలో మీ ఇంటి పెట్టె తెరిచి, ఉన్నదానికి ఒక జాబితా వ్రాయండి. పెద్దవారు సజీవులుగా ఉండగానే అడిగి వ్రాయండి. పాలకవర్గ సభ్యులకు మా విన్నపం ఒకటి: ఎవరైనా తమ పుస్తకాలను కళాశాలకు ఇవ్వజూపినప్పుడు, విడగొట్టకుండా, దాత పేరుతో ఒక్కచోట ఉంచే నియమాన్ని చేయండి. ఒక బీరువాకు, ఒక తాళానికి అయ్యే వ్యయం గొప్పది కాదు. ఆ తాళంచెవి ఎవరి చేతిలో ఉండాలన్నదే అసలు ప్రశ్న. అది గ్రంథాలయపు బల్లమీద, అడిగిన ప్రతి విద్యార్థికీ అందేచోట ఉండాలని మా కోరిక.