ఉబ్బు మీద కొట్టాకు

ఉరవకొండ నుంచి పడవ డెక్కు గురించి రాయడమంటే నవ్వొస్తుంది. మాకు తెలిసిన నీళ్లంటే పెన్నహోబిలం దగ్గరి డ్యామూ, కాలువా, ట్యాంకరూ. అయినా మా నాయన వెల్డింగ్ నేర్చుకున్నది విశాఖ ఫిషింగ్ హార్బర్లో. పెళ్లికి ముందు, వరస కరువుల్లో, ఊళ్లో పనిలేక వెళ్లాడు. ఒడ్డుకు లాగిన ఇనుప ట్రాలర్ల మీద తుప్పు తిన్న డెక్కు కోసేసి కొత్త ప్లేటు అతికే మేస్త్రీ దగ్గర మూడేళ్లు చేశాడు. తిరిగొచ్చి బళ్లారి రోడ్డులో షాపు పెట్టాడు. పడవల బదులు ట్రాక్టర్ ట్రాలీలు.

నేనప్పుడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం (మెకానికల్; ఆ తర్వాత అందరిలాగే సాఫ్ట్‌వేర్). దసరా సెలవులు. నాయన అనంతపురం పోయిన రోజు ఒక రైతు ట్రాలీ తెచ్చాడు. అడుగురేకు మధ్యలో చిల్లులు. రెండ్రోజుల్లో శెనక్కాయలు తోలాలి. "మీ నాయన లేడా?" అన్నాడు. నేనున్నా కదా అన్నాను.

పాడైన రేకు చదరంగా కోసి, 3 మి.మీ. ప్లేటు పెట్టి, ఒక మూల నుంచి మొదలెట్టి ఆపకుండా నాలుగు వైపులా లాగించేశాను. కుట్టు చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. చల్లారేసరికి ప్లేటు మధ్యలో పళ్లెం బోర్లించినట్టు లేచింది. కాలితో తొక్కితే టక్కున కిందికి, తీస్తే టక్కున పైకి. సుత్తి తీసుకున్నా. కొట్టేకొద్దీ ఉబ్బు పెరిగింది.

లెక్క నాకు తెలుసు. మీటరు ఉక్కు నూరు డిగ్రీలు వేడెక్కితే సుమారు 1.2 మి.మీ. సాగుతుంది. పరీక్షలో రాశాను కూడా. కానీ కరిగిన కుట్టు చల్లారుతూ కుంచించుకుపోతుంది, నడిమి రేకు అంతగా కుంచించుకోదు. చుట్టూ అంచు పొట్టిదై మధ్యలో రేకు మిగిలిపోతే అదెక్కడికి పోవాలి? పైకో కిందికో. ఆ మిగులును సుత్తితో బాదితే పలచబడి ఇంకాస్త సాగుతుంది. ఇది మా సిలబస్‌లో ఉందో లేదో, నా బుర్రలో మాత్రం లేదు.

నాయన రాత్రి బస్సుకి వచ్చాడు. తిట్టలేదు. "ఉబ్బు మీద కొట్టాకురా. కుట్టు మీద కొట్టు" అన్నాడు. సాగాల్సింది కుట్టు. కొంత దిగింది. తర్వాత గ్యాస్ వెలిగించి, ఉబ్బు మీద రూపాయి బిళ్లంత చోటు ఎర్రబడేదాకా కాల్చి, తడి గోనెపట్ట అద్దాడు. జానెడు దూరంలో ఇంకోటి. వేడి వల్లే కదా ఇది పాడైంది, మళ్లీ వేడేంటి అని వాదించాను. కాలిన చోటు సాగబోతుంది, చుట్టూ ఉన్న చల్లని రేకు సాగనివ్వదు. దాంతో అక్కడే మందమవుతుంది. చల్లారాక మునుపటికంటే పొట్టిదవుతుంది. అలా మిగులు రేకు చుక్క చుక్కగా తగ్గుతుంది. ఇదంతా నేను తర్వాత అర్థం చేసుకున్నది; ఆయనన్నది "గుంజుకుంటాది, చూడు" అని మాత్రమే. అది ట్యాంకర్ నీళ్ల ఏడు. అమ్మ రెండు బిందెలిచ్చి, మూడోదానికి తలుపేసుకుంది.

తెల్లారేసరికి ప్లేటు పడుకుంది. "మూలలు గుండ్రంగా కోయాల. డెక్కు మీద చదరపు మూల పెడితే మా మేస్త్రీ చెయ్యి విరిచేటోడు." రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా ఎక్కువగా వెల్డింగుతోనే కట్టిన 2,700కు పైగా లిబర్టీ నౌకల గురించి ఆ తర్వాత చదివాను. కొన్నింటి డెక్కులు చీలాయి. చలికి పెళుసుబారే ఉక్కు ఒక కారణం. హాచ్‌ల చదరపు మూలలు ఇంకొకటి, చీలికలు అక్కడ మొదలయ్యేవి.

ఆ వారమే ఇంకో ట్రాలీకి ఆయన ప్లేటు వేస్తుంటే చూశాను. ముందు ఎదురెదురుగా టాకాలు. తర్వాత జానెడు జానెడు ముక్కలు, పని కుడి నుంచి ఎడమకు జరుగుతుంటే ఒక్కో ముక్క ఎడమ నుంచి కుడికి. ఒక ముక్క వేశాక ఎదుటి వైపుకి పోయేవాడు. అరచెయ్యి ఆనించి ఉంచగలిగితేనే మళ్లీ ఆ పక్కకి. మధ్యలో బీడీ. ఆ బీడీని నేను బద్ధకం అనుకునేవాణ్ని.

మొన్న సంక్రాంతికి బజార్లో అదే ట్రాలీ కనబడింది. నాయనకి ఇప్పుడు చూపు సరిగ్గా ఆనదు, అయినా ఎక్కి నా ప్లేటు మీద కాలితో తొక్కాడు. చప్పుడు రాలేదు. వంగి వేళ్లతో అంచు తడుముతూ పోయి ఒక మూల దగ్గర ఆగాడు. బెత్తెడు చీలిక. నావైపు చూళ్లేదు.

"రేపు షాపు కాడికి తోలుకురాప్పా" అన్నాడు రైతుతో. షాపు మూసేసి రెండేళ్లయింది.