మా ఊళ్లో ఎర్రజెండా అంటే భయం, షుగర్ ఫ్యాక్టరీ అంటే ప్రేమ

సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని ఎవరైనా "ఏ టెక్నాలజీ?" అని అడుగుతారు, "ప్యాకేజీ ఎంత?" అని అడుగుతారు. నన్ను మాత్రం "నువ్వు కమ్యూనిస్టువా?" అని అడుగుతారు. ఆఫీసులో నవ్వుతూ అడుగుతారు. చుట్టాల పెళ్లిళ్లలో చెవిలో గుసగుసగా అడుగుతారు. మా అమ్మ మాత్రం భయంతో అడుగుతుంది.

జవాబు ముందే చెప్పేస్తా. దగ్గర దగ్గర అంతే. నాకు ఏ పార్టీ కార్డూ లేదు. కానీ చదువు, వైద్యం, నీళ్లు ఎవడి లాభం కోసమో నడవకూడదంటా. పెద్ద ఫ్యాక్టరీల మీద అందులో పనిచేసేవాళ్లకి, దాని కోసం పంట వేసేవాళ్లకి హక్కు ఉండాలంటా. తుపాకీని నమ్మను. ఓటుని, యూనియన్‌ని, సహకార సంఘాన్ని నమ్ముతా.

ఇది గెలిచే పార్టీ కాదని నాకూ తెలుసు. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో తెలంగాణలో 119 సీట్లుంటే, కాంగ్రెస్‌తో పొత్తు పెట్టుకున్న సీపీఐకి వచ్చింది ఒక్కటి, కొత్తగూడెం. సీపీఎంకి సున్నా. ఇదే నేల మీద 1952లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకి వెళ్లారంటే ఇప్పుడు నా ఫ్రెండ్స్ నమ్మరు. గూగుల్ చేసి చూసుకుంటారు.

మాది ఎడపల్లి. నిజామాబాద్ నుంచి బోధన్ పోయే దారిలో ఉంటుంది. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931కి పూర్తి చేసిన నిజాంసాగర్ వల్ల ఈ ప్రాంతానికి కాలువ నీళ్లొచ్చాయి. నీళ్లొస్తే చెరకు వచ్చింది. చెరకు వస్తే బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. ఇవన్నీ కట్టించింది నిజాం రాజు, కమ్యూనిస్టులు కాదు. ఆ మాట నేనే ముందు ఒప్పుకుంటా, లేకపోతే మా బాపు గుర్తుచేస్తాడు.

2002లో అప్పటి ప్రభుత్వం ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటుకి అమ్మింది. 2015 డిసెంబర్‌లో అది మూతపడింది. 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ దాన్ని లిక్విడేషన్‌కి పంపింది. తెరిపిస్తామన్న హామీ ఎన్నికల ముందు వస్తూనే ఉంటుంది. మా బాపు చెరకు వదిలేసి పూర్తిగా వరికి మారాడు. నేను అప్పుడు ఇంజినీరింగ్‌లో చేరే వయసులో ఉన్నా. రాజకీయం అంటే టీవీలో అరిచేది కాదు, మన పొలంలో ఏ పంట ఉండాలో నిర్ణయించేది అని నాకు అప్పుడే అర్థమైంది. పుస్తకాలు చదివింది ఆ తర్వాత.

మా బాపు హనుమాన్ భక్తుడు. పెద్దలు, పద్ధతులు, కులపోళ్ల మాట అన్నీ కావాలి. కమ్యూనిస్టులంటే పడదు. కానీ ఫ్యాక్టరీ ముచ్చట వస్తే చాలు.

"సర్కారే నడపాలె. రైతుకు వాటా ఉండాలె. లాభం లేకపోతే మూసేసుడేంది, ఊర్లకు ఊర్లు బతికినయి దాని మీద" అంటాడు.

"బాపూ, నేను చెప్పేది గదే కదా" అంటే ఒప్పుకోడు.

"గది కమ్యూనిజం కాదురా. న్యాయం."

మన దేశం కన్జర్వేటివ్ అని ఈజీగా అనేస్తాం. దేవుడి దగ్గర, పెళ్లి దగ్గర, కులం దగ్గర అది నిజమే. గిట్టుబాటు ధర దగ్గర మాత్రం కాదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో మా నిజామాబాద్‌లో 185 మంది పోటీలో ఉంటే 178 మంది రైతులే. పసుపు బోర్డు కావాలి, పసుపుకీ ఎర్రజొన్నకీ మద్దతు ధర కావాలి అని నామినేషన్లు వేశారు. గెలిచింది బీజేపీ. 2025 జనవరిలో పసుపు బోర్డు మొదలైంది కూడా. మద్దతు ధర అడగడం లెఫ్ట్ అని, బీజేపీకి ఓటేయడం రైట్ అని మా ఊళ్లో ఎవరూ విడదీసుకోరు. ఎవరు తెస్తారనిపిస్తే వాళ్లకే ఓటు.

అమ్మ సంగతి వేరే. అమ్మ బీడీలు చుట్టేది. వెయ్యి బీడీలకి ఇంత అని కూలి. బీడీ కార్మికుల కోసం 1966లోనే చట్టం వచ్చింది. కానీ చట్టంలో ఉన్నది చేతికి రావాలంటే ఎవరో ఒకరు వెళ్లి అడగాలి కదా. కూలి రేటు పెంచమని అమ్మ కూడా ర్యాలీకి పోయింది, ఎర్రజెండా పట్టుకునే పోయింది. ఆ మాట గుర్తుచేస్తే, "గది మా బీడీల జెండా బిడ్డా. నీది వేరే" అంటుంది.

ఆ "వేరే" ఏంటో నాకు 2025 మే నెలలో తెలిసింది. మావోయిస్టు నాయకుడు నంబాల కేశవరావు ఛత్తీస్‌గఢ్ ఎన్‌కౌంటర్‌లో చనిపోయాడని టీవీలో వచ్చింది. వరంగల్ ఆర్‌ఈసీలో ఇంజినీరింగ్ చదివాడని కూడా చెప్పారు. అమ్మ ఫోన్ చేసి ఒక్కటే అడిగింది: "నువ్వు గా మీటింగులకు పోతలేవు కదా?" నేను పోయేది ఐటీ ఉద్యోగుల మీటింగ్‌కి. అక్కడ నైట్ షిఫ్ట్ అలవెన్సుల గురించి మాట్లాడుకుంటాం, చాయ్ తాగి ఇంటికి పోతాం. అది చెబితే అమ్మ నవ్వలేదు. అన్నల కాలం చూసిన తరానికి ఎరుపు ఒక్కటే రంగు, అందులో షేడ్స్ ఉండవు. ఆ భయాన్ని వెక్కిరించడం నాకు చేతకాదు.

ఆఫీసులో భయం లేదు, జోకులే. 2023లో నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నప్పుడు లంచ్ టేబుల్ దగ్గర అందరూ నా వైపే చూశారు. "మేం రోజూ వాడే లినక్స్ ఏ ఒక్కడి సొంతం కాదు, ప్రపంచం మొత్తం కలిసి రాసుకుంది, మరి దాని మీదే మీ జీతాలు నడుస్తున్నాయి కదా" అంటే నవ్వారు. కొన్ని నెలలకి లేఆఫ్‌లు మొదలయ్యాయి. ఆ రాత్రి, యూనియన్ అంటే టైమ్ వేస్ట్ అన్న ఇద్దరు నాకు విడివిడిగా మెసేజ్ పెట్టారు: "బ్రో, బలవంతంగా రిజైన్ చేయిస్తే ఏం చేయాలి?"

నాకు అసలు దెబ్బ తగిలింది సంబంధం దగ్గర. ఆర్మూర్ వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. అన్నీ కుదిరాయి. ఈలోగా అమ్మాయి మేనమామ నా ఫేస్‌బుక్ మొత్తం తిరగేశాడు. "పిల్లగాడు మంచోడే కానీ గా పోస్టులు తీసేస్తే మాట్లాడుకుందాం" అని కబురు పంపాడు.

"తీసెయ్యరాదు రా, గంతే కదా" అన్నాడు బాపు.

తీయలేదు. అక్కడ ఎవరినీ తిట్టిన పోస్టు ఒక్కటీ లేదు. పెళ్లి కోసం ఇవాళ డిలీట్ చేస్తే, పెళ్లయ్యాక రోజూ ఏదో ఒకటి డిలీట్ చేస్తూ బతకాలి. సంబంధం పోయింది. అమ్మ వారం రోజులు సరిగా మాట్లాడలేదు. ఆ అమ్మాయి ఏమనుకుందో మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది అదే.

ఫ్యామిలీ గ్రూప్ నుంచి ఎగ్జిట్ అవ్వమని ఫ్రెండ్స్ సలహా ఇస్తారు. నేను అవ్వను. గుడ్ మార్నింగ్ దేవుడి ఫొటోలు పెట్టే మా పెద్దనాన్నే అమ్మకి ఆపరేషన్ అయినప్పుడు మూడు రాత్రులు ఆస్పత్రిలో పడుకున్నాడు. నా అభిప్రాయం నాది, ఆయన మంచితనం ఆయనది. ఇజాల పేర్లు పక్కన పెట్టి ఫ్యాక్టరీ గురించి, ధాన్యం కాంటా గురించి మాట్లాడితే మా ఇంట్లో వాదన గంటసేపు నడుస్తుంది, ఎవరూ లేచి వెళ్లిపోరు.

మొన్న సెలవులకి వెళ్లినప్పుడు బాపుకి కేరళలోని ఊరాళుంగల్ గురించి చెప్పా. 1925లో కూలీలు పెట్టుకున్న సహకార సంఘం అది. రోడ్లు, వంతెనలు వేస్తూ పెరిగి ఇప్పుడు కోజికోడ్‌లో సైబర్ పార్క్ కూడా నడుపుతోంది. కూలీలే సభ్యులు, వాళ్లే డైరెక్టర్లను ఎన్నుకుంటారు.

బాపు అంతా విన్నాడు. "మన సారంగపూర్‌ల ఉండె కదా సహకార షుగర్ ఫ్యాక్టరీ. గది గూడ మూతబడ్డది. దానికేమంటవ్?"

మంచి ప్రశ్న. సంఘం అని బోర్డు పెడితే చాలదు, లెక్కల పుస్తకం సభ్యుల చేతిలో ఉండాలి అన్నా. బాపు కాసేపు ఆలోచించాడు.

"గట్లయితే లెక్కలు రాసేటోడు ఊరోడే ఉండాలె" అన్నాడు. "నువ్వు కంప్యూటర్ చదివినవ్ కదా. వస్తవా మరి?"

ఇంకా జవాబు చెప్పలేదు. కానీ నా రాజకీయాల గురించి ఇంతవరకు నన్నెవరూ అంత సీరియస్‌గా అడగలేదు.