మేలుమలై దిగే ముందు

మా హోసూరు నుంచి కృష్ణగిరికి యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఒకప్పుడు 7వ నంబరు జాతీయ రహదారి అనేవాళ్ళం, ఇప్పుడది 44. కారులో కూర్చుంటే తెలియదు గాని ఇది దిగుడు దారి. హోసూరు దాదాపు 3,000 అడుగుల ఎత్తున ఉంటే, కృష్ణగిరి అంతకు వెయ్యి అడుగులకు పైగా కిందున్న ఊరు. శూలగిరి దాటాక మేలుమలై దగ్గర ఆ తేడా బాగా తెలుస్తుంది. లారీలు బ్రేకులు పట్టుకుని మూలుగుతూ దిగుతుంటాయి. ఎదుటి వైపు నుంచి పొగలు కక్కుతూ ఎక్కుతుంటాయి.

ఈ దారిలో నేను నెలకు రెండుసార్లయినా వెళ్ళాలి. మా అక్కయ్యావాళ్ళది కృష్ణగిరి. బావగారికి గుండె ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆయన్ని బెంగళూరు ఆసుపత్రికి తీసుకెళ్ళి తీసుకొచ్చే బాధ్యత నాదే. పిల్లలు దూరాన ఉన్నారు. నా దగ్గరున్నది పద్నాలుగేళ్ళ డీజిల్ కారు, తిరిగింది 2,38,000 కిలోమీటర్లు. కంపెనీ పేరెందుకు లెండి, అది చాకిరీ చేసినంత చేసింది.

కిందటి వేసవిలో బావగారిని ఎక్కించుకుని హోసూరు వైపు ఎక్కుతుంటే మేలుమలై దాటగానే వేడి ముల్లు ఎర్రగీత మీదికి పోయింది. ఆపి బానెట్ ఎత్తితే రేడియేటర్ గొట్టం ఒకటి చీలి ఆవిరి చిమ్ముతోంది. నేను కంగారుగా మూత తీయబోతే, వెనక ఆగిన లారీ డ్రైవరు చెయ్యి పట్టుకుని లాగాడు. వేడి మీద మూత తీస్తే మరిగే నీళ్ళు మొహం మీదికి ఎగజిమ్ముతాయట. ఎండలో బావగారు చింతచెట్టు కింద రాయి మీద గంటన్నర కూర్చున్నారు. డాక్టరు అపాయింట్‌మెంట్ పోయింది. ఆయన ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మర్నాడే కారు మెకానిక్‌కి అప్పజెప్పాను. 1980లో అశోక్ లేలాండ్ వాళ్ళు హోసూరులో లారీల కర్మాగారం పెట్టారు. అతను అక్కడి వాడు కాడు గాని, డీజిల్ చేతివాటం ఈ ఊరి గాలిలోనే ఉందేమోననిపిస్తుంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, సంతలో కన్నడం మాట్లాడే మా ఊరి మనిషే. రెండు రోజులు చూసి చీటీ రాసిచ్చాడు. పదకొండు పనులు, మొత్తం 84,000 రూపాయలు. కారు అమ్మితే అంత రాదు!

బి.కాం. చదివి ముప్పై ఏళ్ళు అప్పులిచ్చినవాణ్ణి. తాకట్టు సరుకు విలువకు మించి అప్పివ్వకూడదని కుర్రాళ్ళకు పాఠం చెప్పేవాణ్ణి. మా అబ్బాయి అయితే ఫోనులో, "అమ్మెయ్యండి నాన్నా, ఢిల్లీలో అయితే పదేళ్ళకే డీజిల్ కార్లను వద్దన్నారు" అన్నాడు. మన వైపు ఆ లెక్క లేదు. పదిహేనేళ్ళు నిండాక పరీక్ష చేయించి ఆర్.సి. పొడిగించుకోవచ్చు. కొత్త కారుకు కంతులు కట్టే ఓపిక పదవీ విరమణ ముందు నాకు లేదు. ఆ చీటీని మాత్రం బ్యాంకులో మొండి ఖాతాల జాబితా చూసినట్లే చూడాలనిపించింది. అన్నిటికీ ఒకే తొందర ఉండదు కదా.

"ప్రాణం తీసేవేవి, ఇంజన్ తీసేవేవి, నడిదారిలో నిలబెట్టేవేవి, ఒట్టి చికాకు పెట్టేవేవి, అది చెప్పు" అన్నాను. అతను నవ్వి, "అట్ల అడిగినోళ్ళు తక్కువ సార్. అందరూ ఏ.సి. ముందు చెయ్యమంటారు" అన్నాడు.

బ్రేకులు మొదట. ప్యాడ్లు, వెనక షూలు అరిగాయి. అసలు సంగతి బ్రేకు నూనె. అది గాలిలోని తేమను పీల్చుకుంటుందట. దిగుడులో బ్రేకు పట్టి పట్టి వేడెక్కితే ఆ తేమ ఆవిరై, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. రెండేళ్ళకోసారి మార్చాల్సిన దాన్ని నేను ఆరేళ్ళు మార్చలేదు. తరవాత టైర్లు. టైరు పక్కన నాలుగంకెలు చూడమన్నాడు: మొదటి రెండూ వారం, తరవాతి రెండూ సంవత్సరం. నా ముందు టైర్ల మీద 2316 అని ఉంది. గాట్లు బాగానే ఉన్నాయనుకుంటున్నాను గాని రబ్బరు ఎండి పగుళ్ళిచ్చింది.

ఇంజన్ విషయంలో టైమింగ్ బెల్టు. పైకి కనిపించదు, చప్పుడు చేయదు. తెగిన రోజున వాల్వులు పిస్టన్లకు తగిలి ఒంగిపోతాయి, కారు ధరంత ఖర్చు. కిలోమీటర్లతో పాటు ఏళ్ళు కూడా లెక్కే. ఎటూ విప్పుతున్నారు గనక వాటర్ పంపు కూడా మార్పించాను, మళ్ళీ అదే కూలి ఇవ్వకుండా. గొట్టాలన్నీ, థర్మోస్టాట్, కూలెంటు సరేసరి. ఇన్నాళ్ళూ కూలెంటు బదులు కుళాయి నీళ్ళు పోసిన ఘనుణ్ణి నేనే. మొత్తం 30,500 అయింది.

స్టీరింగ్ బాల్ జాయింట్లు పరీక్ష చేయించాను, ఇంకా వదులు కాలేదు. గతుకుల్లో టకటకమనే లింకులు ఆగవచ్చు. డిసెంబరు చలిలో తెల్లారి స్టార్టు కాకుండా మొరాయించే గ్లో ప్లగ్గులూ ఆగవచ్చు, అవి ఇంటి వాకిట్లోనే ఏడిపిస్తాయి గనక. ఏ.సి., పెయింటు అన్నిటికంటే చివర. మా ఆవిడ పెయింటు గురించి ఇప్పటికీ అడుగుతూనే ఉంది.

పోయిన నెల మామిళ్ళ రోజుల్లో బావగారిని ఇంట్లో దింపడానికి వెళ్ళాను. కిటికీలు దింపుకుని, శూలగిరి కొండ కొమ్ములు చూసుకుంటూ, మేలుమలై మూడో గేరులో దిగాను. న్యూట్రల్‌లో వేసి డీజిల్ మిగిల్చే పాత అలవాటు మానుకున్నాను. ఇంజన్ పట్టు లేకపోతే బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. కురుబరపల్లి దగ్గర బావగారు ముల్లు వైపు తొంగిచూశారు. అది సగంలోనే నిలబడి ఉంది.

ఇంటికి చేరగానే అక్కయ్య డిక్కీ నిండా బెంగళూరా కాయలు సర్దించింది. బావగారు చెమట తుడుచుకుంటూ, "ఏమోయ్, ఏ.సి. ఎప్పుడు చేయిస్తావు?" అన్నారు.

"పదకొండో నంబరు బావా, ఇంకా ఆరున్నాయి ముందు" అన్నాను.